లక్నో కోతులు, బొబ్బిలి అరుగు

మా ఆయన మేనత్త మనవరాలి పెళ్లి మాఘమాసంలో. శుభలేఖ సంక్రాంతికే వచ్చింది. అత్తయ్య గారు పండక్కి మా దగ్గరే ఉన్నారు కదా, ఇక్కణ్ణుంచే అందరం కలిసి కారులో వెళ్లిపోదామనుకున్నాం. ఆవిడ రానన్నారు. కాళ్లనొప్పులా అంటే కాదు. ఎవరి మీదైనా కోపమా అంటే అదీ కాదు. "అంతమందిని చూసి ఇప్పుడు నేనేం చేస్తానమ్మా" అన్నారు, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

ఆ రాత్రి మా ఆయన, ఆడపడుచు ఫోన్లో గంటసేపు మాట్లాడుకున్నారు. తేల్చిందేమిటంటే, నాన్నగారు పోయిన ఈ మూడేళ్లలో అమ్మ మనుషుల్లో కలవడం బాగా తగ్గించేసింది. పెళ్లిళ్లకి రాదు, పేరంటాలకి వెళ్లదు. ఇది ఒంటరితనం. బొబ్బిలి ఇల్లు అమ్మేసి ఆవిణ్ణి పూర్తిగా విశాఖపట్నం తెచ్చేసుకుంటే, మా అపార్ట్‌మెంటులో ఎనభై ఫ్లాట్లున్నాయి, భజన మండలి ఉంది, కింద పార్కు ఉంది, కాలక్షేపానికి కొదవేమిటి? ఇల్లు కొంటానని ఒకాయన బయానా పట్టుకుని తిరుగుతున్నాడు కూడాను.

నేనూ సరేనన్నాను. అనడమే కాదు, ఆవిణ్ణి అడక్కుండానే భజన మండలిలో ఆవిడ పేరు రాయించింది నేనే. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే నాకు తేలిక.

పండగ సెలవులకి మా అమ్మాయి వచ్చింది. జువాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. ఈ రభసంతా విని, "అమ్మా, అచ్చం నానమ్మలాంటి కోతులున్నాయి, తెలుసా?" అంది. వాళ్ల నానమ్మ వినలేదు కాబట్టి సరిపోయింది. కానీ అది చెప్పిన కథ నన్ను పట్టుకుని వదల్లేదు. వారం రోజులు వంటయ్యాక అదే చదువుతూ కూర్చున్నాను. మీకూ చెప్తాను.

1938 సంగతి. క్లారెన్స్ కార్పెంటర్ అనే అమెరికా శాస్త్రవేత్త మన దేశం వచ్చి, లక్నో చుట్టుపక్కల జిల్లాల్లో కొన్ని వందల కోతుల్ని పట్టించాడు. మన గోదావరికి దక్షిణాన ఎక్కువగా కనిపించే, నడినెత్తిన పాపిడి తీసినట్టుండే పొడవుతోక కోతి కాదు. ఉత్తరాదిన గుళ్ల దగ్గరా రైల్వేస్టేషన్లలోనూ కనిపించే ఎర్రమూతి పొట్టితోక కోతి. వాటిని కలకత్తాలో ఓడెక్కించి, వారాల తరబడి సముద్రం మీద తీసుకెళ్లి, ప్యూర్టోరికో పక్కన ఒక చిన్న దీవిలో వదిలారు. దీవి పేరు కాయో శాంటియాగో. ఒడ్డు నుంచి కిలోమీటరు దూరం. విస్తీర్ణం 38 ఎకరాలు. మనవైపు ఓ పెద్దరైతు పొలమంత. అందులో 409 కోతులు.

ఎందుకయ్యా ఇంత శ్రమ అంటే, వైద్య పరిశోధనలకి అప్పట్లో కోతులు బాగా కావాలి. మన దేశం నుంచి ఓడల్లో వెళ్లేవి దారిలోనే చాలా చచ్చిపోయేవి. దగ్గర్లోనే పెంచుకుంటే పోతుంది కదా అని. కార్పెంటర్‌కి ఇంకో కోరిక కూడా ఉంది. బోనులో కాకుండా బయట, తమ ఇష్టాన బతికే కోతులు ఎలా కలిసుంటాయో చూడాలని.

ఇప్పుడు మీరొక్కసారి ఆలోచించండి. ఈ 409 కోతులూ ఒక కుటుంబం కాదు. వేర్వేరు ఊళ్లు, వేర్వేరు గుంపులు. ఎవరికెవరో తెలియదు. అందర్నీ తెచ్చి ఒకేచోట దింపేశారు. మొదట్లో ఘోరంగా కొట్టుకున్నాయి. పిల్లలు చాలా చచ్చిపోయాయి. ఆ తర్వాత మెల్లమెల్లగా జట్లు కట్టాయి, గుంపులయ్యాయి, దీవిలో ఈ చెట్టు మాది ఆ గట్టు మీదని పంచుకున్నాయి. బంధుత్వం అనేది మొత్తం చెదిరిపోయాక మళ్లీ మొదట్నుంచీ అల్లుకోవడం మనిషి కళ్లెదురుగా జరిగింది.

తర్వాత యుద్ధం వచ్చింది. డబ్బు కటకట, తిండి కటకట. కొన్నిటిని పరిశోధనలకి పట్టుకుపోయారు. 1956లో స్టూవర్ట్ ఆల్ట్‌మన్ అనే కుర్రవాడు ఆ దీవికి వెళ్లేసరికి మిగిలినవి సుమారు 150. అతను వాటన్నిటికీ పచ్చబొట్టు గుర్తులు వేసి, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ఆ దీవిలో ఎవరికెవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ఏ గుంపులోకి మారారు అనే లెక్క రాస్తూనే ఉన్నారు. బయటి నుంచి కొత్త కోతిని తేలేదు. 1978లో మన ప్రభుత్వం కోతుల ఎగుమతే నిషేధించింది. ఇవాళ ఆ దీవిలో ఉన్న పదిహేడు పద్దెనిమిది వందల కోతులూ ఆనాటి లక్నో కోతుల సంతానమే. మన వంశవృక్షాలు మూడు తరాలు దాటితే తడబడతాం. వాటి తరాల లెక్క కాగితం మీద పదిలంగా ఉంది.

ఆ లెక్కల్లో నాకు ముందు నచ్చింది ఒకటుంది. ఈ కోతుల్లో ఆడపిల్ల పుట్టింటి గడప దాటదు. అమ్మమ్మ, అమ్మ, పిన్ని, అక్కచెల్లెళ్లు చచ్చేదాకా ఒకే గుంపు. ఒకళ్లకొకళ్లు పేలు చూసుకుంటూ, ఒకే చెట్టుకింద. ఇల్లు వదిలి వెళ్లేది మగపిల్లాడు. నాలుగైదేళ్లొచ్చేసరికి పుట్టిన గుంపుని వదిలేసి, ముఖపరిచయం లేని ఇంకో గుంపులో అందరికన్నా కిందిమెట్టు మీద చేరతాడు. ఈ దీవిలో వాడికి హోదా వచ్చేది చాలావరకు కండబలంతో కాదట, ఆ గుంపులో ఎన్నేళ్లుగా పడి ఉన్నాడన్నదాన్ని బట్టిట. ఓపిక పట్టినవాడికి పెద్దరికం.

చదివి నవ్వొచ్చింది. ఇది కొత్తకోడలి కథ కాదూ? 1998లో తెనాలి నుంచి బొబ్బిలి కాపురానికొచ్చినప్పుడు నా పరిస్థితి అదే. రైలు దిగేసరికి భాష కూడా కొత్తగానే వినిపించింది. తెనాలిలో నాకు పన్నెండు మంది స్నేహితురాళ్లు. పెళ్లయిన రెండేళ్లకి ఉత్తరాలు రాసేది ముగ్గురు. అయిదేళ్లకి ఒక్కతి. బొబ్బిలిలో నా మాట వంటింట్లో చెల్లడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ ఒక్కతీ ఇప్పటికీ నాతో మాట్లాడుతుంది. మిగతా పదకొండు మంది మీదా నాకు కోపం లేదు. వాళ్లకీ నా మీద లేదు. దారం ఎక్కడ తెగిందో ఎవరికీ తెలియదు, అంతే.

పరిచయాలన్నీ ఒక అల్లిక అనుకుంటే, ఆ అల్లికని కాగితం మీద గీసి చూడాలన్న ఆలోచన కూడా ఆ రోజుల్లోదే. న్యూయార్కు రాష్ట్రంలో హడ్సన్ అనే ఊళ్లో ఆడపిల్లల శిక్షణాలయం ఒకటుండేది. 1932లో రెండు వారాల్లో 14 మంది అమ్మాయిలు అక్కణ్ణుంచి పారిపోయారు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. జేకబ్ మొరీనో అనే డాక్టరు, హెలెన్ జెన్నింగ్స్ అనే ఆవిడ కలిసి, అక్కడి అమ్మాయిలకి ఎవరంటే ఇష్టం, ఎవరితో కలిసి ఉండాలనుంది అని అడిగారు. ఒక్కో అమ్మాయికి ఒక్కో సున్న చుట్టి, ఇష్టాలకి గీతలు గీశారు. చూస్తే, పారిపోవాలన్న ఆలోచన ఆ గీతల వెంబడే ఒకళ్ల నుంచి ఒకళ్లకి పాకినట్టు కనబడింది. ఆ పిల్లల మనసులో ఏముందన్నదానికన్నా, వాళ్లు ఎవరెవరికి ముడిపడి ఉన్నారన్నది ఎక్కువ చెప్పింది. ఇవాళ ఫోన్లో మనం సోషల్ నెట్‌వర్క్ అంటున్నామే, ఆ బొమ్మకి మొదటి ముగ్గుచుక్కలు అవి.

ఇంకో విచిత్రం చూడండి. కోతుల్ని ఓడెక్కించిన ఆ 1938లోనే హార్వర్డ్‌లో ఒక అధ్యయనం మొదలైంది. 268 మంది కాలేజీ కుర్రాళ్లని తీసుకుని ఏడాదికేడాది వాళ్ల ఆరోగ్యం, ఉద్యోగం, కాపురం గమనిస్తూ పోయారు. తర్వాత బోస్టన్ పేటల్లోని 456 మంది బీద కుర్రాళ్లు కూడా ఇందులో కలిశారు. ఎనభై ఏళ్ల పైబడి సాగుతోందది. యాభయ్యో ఏట తనవాళ్లతో సంతోషంగా ఉన్నవాడు ఎనభయ్యో ఏట ఆరోగ్యంగా ఉన్నాడని, ఆ విషయంలో కొలెస్టరాల్ లెక్క కన్నా ఇదే బాగా పనికొచ్చిందని వాళ్లు తేల్చారు. తనవాళ్లు ఎంతమంది అన్నది కాదు, వాళ్లతో ఎలా ఉన్నాడన్నది. బాగానే ఉంది. కానీ అందరూ మగవాళ్లే! వాళ్ల భార్యల్ని కూడా పూర్తిగా లెక్కలోకి తీసుకోవాలని దశాబ్దాలు గడిచాక తోచింది. ఇంటింటి అల్లికనీ చేత్తో పట్టుకుని కూర్చున్నది ఎవరో వంటింట్లోకి తొంగి చూస్తే మొదటిరోజే తెలిసేది. సరే, ఆలస్యమైనా అడిగారు.

మా అత్తయ్య గారి సంగతికి దగ్గరగా వచ్చింది లారా కార్‌స్టెన్సన్ అనే ఆవిడ. ఇరవయ్యొక్కేళ్ల వయసులో కారు ప్రమాదంలో ఎముకలు విరిగి నెలల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయింది. వార్డులో పక్క మంచాల మీద అందరూ తుంటి విరిగిన ముసలమ్మలే. తోచక అల్లాడుతుంటే ప్రొఫెసరైన ఆవిడ తండ్రి, ఏదైనా పాఠం చదువుకో, తరగతికి నేను వెళ్లి టేపు మీద ఎక్కించి తెస్తానన్నాడు. ఆ అమ్మాయి మనస్తత్వశాస్త్రం ఎంచుకుంది. పాఠాలు వింటూ ఆ ముసలమ్మల్ని చూస్తూ పడుకుంది. పెద్దయ్యాక స్టాన్‌ఫోర్డ్‌లో ప్రొఫెసరై, అదే విషయం మీద జీవితమంతా పనిచేసింది.

ఆవిడ చెప్పింది ఇది. వయసు పెరిగేకొద్దీ మనుషులు పరిచయాలు తగ్గించుకుంటారు. లోకం దీన్ని కుంగిపోవడం అనుకుంటుంది. కానీ దగ్గరవాళ్లని వాళ్లు వదులుకోరు, పైపై పరిచయాలే వదిలేస్తారు. మిగిలిన కాలం తక్కువని తెలిసినప్పుడు దాన్ని ఎవరిమీద ఖర్చుపెట్టాలో ఎంచుకుంటారు. ముందు చాలా కాలం ఉందనుకున్నవాడు కొత్తవాళ్లని వెతుకుతాడు. లేదనుకున్నవాడు తనవాళ్లని వెతుకుతాడు.

అంటే ఇది వయసుకి కాదు, మిగిలిన కాలానికి సంబంధించిందన్నమాట. అలాగని ఎలా తెలుసు? 1997 జూలై 1న హాంకాంగ్ బ్రిటిషువాళ్ల చేతుల్లోంచి చైనాకి వెళ్లింది. ఆ ముందు రోజుల్లో, ఒక శకం అయిపోతోందన్న బెంగలో, అక్కడి పడుచువాళ్లు కూడా ముసలివాళ్ల లాగే కొత్త మొహాలకన్నా తెలిసినవాళ్లే కావాలన్నారని ఆవిడా ఆవిడతో పనిచేసినవాళ్లూ గమనించారు. పడుచువాళ్లు ఒక్కసారిగా ముసలివాళ్లైపోలేదు కదా, కాలం తరిగిందనిపించిందంతే.

ఇక్కడిదాకా విని నేను మా అమ్మాయితో, "మనిషికి చావు తెలుసు కాబట్టి సరే, కోతికేం తెలుసే?" అన్నాను. "అక్కడే ఉందమ్మా అసలు మెలిక" అంది.

ఉగాండాలో కిబాలే అడవి ఉంది. అక్కడ చింపాంజీల్ని ఇరవయ్యేళ్లు వెంటబడి చూశారు. 2020లో ఆ లెక్కలు బయటికొచ్చాయి. పదిహేనేళ్ల మగ చింపాంజీకి ఒకవైపు స్నేహాలెక్కువ. అంటే ఇది వెళ్లి దాని పక్కన కూర్చుంటుంది, అది మాత్రం దీన్ని పట్టించుకోదు. నలభయ్యేళ్లొచ్చేసరికి అలాంటి స్నేహాలు దాదాపు పోయి, రెండువైపులా ఇష్టమున్న స్నేహాలు సగటున మూడు మిగిలాయి. చింపాంజీ వేలు మడిచి ఇంకా ఎన్నేళ్లున్నాయని లెక్కపెట్టుకోదు కదా. అయినా అదే పని చేసింది.

కాయో శాంటియాగో కోతుల సంగతి 2022లో తేలింది. పదేళ్లు దాటిన రెండు వందల పైచిలుకు ఆడకోతుల్ని ఏళ్ల తరబడి గమనించారు. వయసు పెరిగేకొద్దీ వాటి సావాసం తగ్గింది. ఎవరితో తగ్గింది? పైపై పరిచయాలతో. ఎవరు మిగిలారు? రక్తసంబంధీకులు, చాలాకాలంగా గట్టిగా అంటిపెట్టుకుని ఉన్నవాళ్లు. ఆ తర్వాత వాళ్లు మూడు ప్రశ్నలు వేసుకున్నారు. ఆ మూడూ నేను కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కి అంటించాను.

ఒకటి, ఓపిక లేక తగ్గిందా? లేదు. మిగిలినవాళ్లతో గడిపే సమయం తగ్గలేదు. మనుషులు తగ్గారు కానీ గంటలు అన్నే. రెండు, స్నేహితులు చచ్చిపోయి తగ్గిందా? దానివల్లా కాదు. మూడు, మిగతావాళ్లు ఈ ముసలివాటిని వదిలేశారా? లేదు. వాళ్లు ఇంకా దగ్గరికి వస్తూనే ఉన్నారు. అంటే ఆ ముసలి కోతి తనంతట తానే ఎంచుకుంది.

ఇక ఊరుకోలేకపోయాను. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, పెన్ను పట్టుకుని అత్తయ్య గారి దగ్గర కూర్చున్నాను. "రాత్రిపూట జ్వరమొస్తే మీకు ముందు ఎవర్ని పిలవాలనిపిస్తుంది? మనసు బాగోకపోతే ఎవరితో చెప్పుకుంటారు?" అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇదేం సర్వే అమ్మా, రేషను కార్డుకా?" అన్నారు. తర్వాత చెప్పారు. ఎదురింటి ఆవిడ. సందు చివరి రిటైరైన హిందీ టీచరు గారు. ముప్పయ్యేళ్లుగా పాలు పోసే అమ్మి. పార్వతీపురంలో చెల్లెలు. కొడుకు. అయిదు సున్నాలు చుట్టాను.

నా పేరు రాలేదు. ఇరవయ్యేడేళ్లుగా ఒకే ఇంటి మనుషులం. కాస్త చురుక్కుమంది. దాచుకోను.

తర్వాత ఆ బొమ్మ చూస్తే గుండె జారింది. అయిదుగురిలో ముగ్గురు ఆ వీధిలోనే ఉన్నారు. నాలుగో ఆవిడ బస్సెక్కితే గంటలోపు ఊళ్లో ఉంది. విశాఖపట్నంలో ఉన్నది ఒక్క కొడుకు. ఆ కొడుకు కూడా పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తాడు. ఆవిడ ఒంటరితనం పోగొడతామని మేం చేయబోతున్నది, ఉన్న అయిదు గీతల్లో నాలుగు తెంపేసి, దానికి బదులు ఎనభై ఫ్లాట్లు చూపించడం. ఆ లక్నో కోతుల్ని ఓడెక్కించినట్టే.

ఫ్రిజ్ మీది మూడు ప్రశ్నలూ వేసి చూశాను. బొబ్బిలిలో సాయంత్రం నాలుగున్నరైతే అరుగు మీద చాప పరుస్తారు. దీపాలు పెట్టేవేళదాకా కబుర్లే. సమయం తగ్గలేదు. పోయినవాళ్లు పోయారు, నిజమే, కానీ బతికున్నవాళ్లలో కూడా కొందర్ని ఆవిడే మెల్లగా పక్కన పెట్టారు. ఇక మూడోది. ఆవిడ ఇక్కడికొచ్చిన నాలుగో రోజు నుంచీ "ఎప్పుడొస్తున్నారు" అని ఆ వీధి నుంచి ఫోన్లే ఫోన్లు. ఆవిణ్ణి ఎవరూ వదిలేయలేదు. బొబ్బిలిలో ఆవిడ ఒంటరి కాదు. మా ఫ్లాటులో ఒంటరి.

అలాగని పెద్దవాళ్లు తలుపేసుకుంటే అదంతా వాళ్ల ఇష్టమేలే అని వదిలేస్తే అదీ తప్పే. మా మూడో అంతస్తులో ఒక పెద్దాయన ఉన్నారు. రెండేళ్లుగా కిందికి దిగడం మానేశారు. ముసలితనం కదా అనుకున్నాం. తీరా చూస్తే చెవులు వినబడటం లేదు. అడిగిందే అడగాల్సి వస్తోందని సిగ్గుపడి ఆయన మానేస్తే, గట్టిగా అరవాల్సి వస్తోందని స్నేహితులు మానేశారు. ఆ మూడు ప్రశ్నలకీ అక్కడ జవాబు వేరు. సమయం తగ్గింది, వచ్చేవాళ్లూ తగ్గారు. అది ఎంచుకోవడం కాదు, మూసుకుపోవడం. చెవిలో మిషను పెట్టించాక ఇప్పుడు మళ్లీ పేకాటకి దిగుతున్నారు. బయటి నుంచి చూస్తే రెండు ఇళ్ల తలుపులూ ఒకేలా మూసి ఉంటాయి. ఏ తలుపు వెనక ఏముందో అడిగితేనే తెలుస్తుంది.

మా ఆయనకి ఆ కాగితం చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనిషన్నాక కొత్తచోట కొత్తవాళ్లు దొరకరా? హుద్‌హుద్‌ అప్పుడు చూడలేదూ?" అన్నారు. అదీ నిజమే. తీసిపారేయలేం.

2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖపట్నంలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. ఆ గాలి హోరు తగ్గేసరికి ఊళ్లో చెట్టన్నది మిగల్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. మా మెట్ల మీద ఆరేళ్లుగా ఎదురుపడి తల తిప్పుకున్నవాళ్లం, ఆ వారం ఒకే పొయ్యి మీద వండుకున్నాం. ఎవరింట్లో గ్యాసుందో వాళ్లింట్లో వంట, ఎవరికి పాల ప్యాకెట్టు దొరికితే ముందు వాళ్లది కాదు, చంటిపిల్లలున్న ఇంటిది. నాకు ఈ అపార్ట్‌మెంటులో ఇవాళున్న నలుగురు స్నేహితురాళ్లూ ఆ వారం దొరికినవాళ్లే.

కాయో శాంటియాగోకీ అలాంటి రోజొచ్చింది. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ఆ దీవిని ఊడ్చేసింది. పచ్చదనంలో మూడింట రెండు వంతుల దాకా పోయింది. కోతులు మాత్రం చాలావరకు బతికాయి. తిండి తగ్గింది కాబట్టి, నీడ తగ్గింది కాబట్టి, ఇక కొట్టుకు చస్తాయేమోననుకున్నారు. అసలే ఇవి కోతుల్లో కూడా పోట్లాటకి పేరుపడ్డ జాతి. మధ్యాహ్నపు ఎండ నలభై డిగ్రీలు దాటుతుందక్కడ. కానీ జరిగింది వేరు. ఉన్న కాస్త నీడలోనే ఒకదాని పక్కన ఒకటి సర్దుకు కూర్చున్నాయి. ఇదివరకు పక్కకి రానివ్వనివాటిని రానిచ్చాయి. తుపానుకి ముందు ఒంటిగా తిరిగినవే తర్వాత ఎక్కువ సావాసాలు కలుపుకున్నాయి. ఆ కొత్త సావాసం కూడా ఎక్కువగా స్నేహితుల స్నేహితులతోనే. మనకి చుట్టాల చుట్టాలు దగ్గరైనట్టు. ఆ సర్దుబాటు ఏళ్లు గడిచినా పోలేదు. ఎవరు పక్కవాళ్లని ఓర్చుకున్నారో వాళ్లే ఎక్కువగా బతికి ఉన్నారని 2024లో లెక్కతేల్చారు.

కాబట్టి మా ఆయన మాటలో తప్పు లేదు. అల్లిక మళ్లీ అల్లుకుంటుంది. కోతికైనా, మనిషికైనా, ఏ వయసులోనైనా. కానీ ఆ రోజున మాకు నీడ లేదు. వాటికీ లేదు. అందుకని అల్లుకున్నాం. అత్తయ్య గారికి నీడ ఉంది. ఉన్న నీడ మనమే నరికేసి, ఇప్పుడు కొత్త సావాసాలు కలుపుకోండి అనడం సాయం ఎలా అవుతుంది? తుపాను వస్తే వస్తుంది, మనం తుపాను కాకూడదు కదా. ఆయనతో ఇదే అన్నాను.

మా అమ్మాయి ఒక్కటే హెచ్చరించింది. "కోతిలో చూసింది తెచ్చి నానమ్మకి అతికించేయకమ్మా. అవి ప్రశ్న ఎలా అడగాలో చెప్తాయి, జవాబు నానమ్మనే అడగాలి" అని. నిజానికి మొదట్నుంచీ జరగనిది అదే. ఇల్లు గురించి కొడుకూ కూతురూ మాట్లాడుకున్నారు, కోడలు భజన మండలిలో పేరు రాయించింది. ఆవిణ్ణి ఎవరడిగారు?

అడిగాం. ఆవిడ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, "కాలు కదిలినన్నాళ్లు అక్కడే ఉంటాను. కదలని రోజున మీ ఇష్టం" అన్నారు. అంతే.

బయానా తీసుకోలేదు. అయితే డెబ్భయ్యారేళ్ల మనిషి, రాత్రిపూట జారిపడితే ఎవరు చూస్తారన్న మా ఆయన భయం ఉత్త భయం కాదు. అందుకని ముందుగది వాటా ఒక టీచరు దంపతులకి తక్కువ అద్దెకిచ్చాం. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించాం. మంచం పక్కన పెద్ద అంకెల ఫోను పెట్టాం. నెలకోసారి మాలో ఒకరు రైలెక్కి వెళ్లొస్తున్నాం. కాలు కదలని రోజు ఒకటి వస్తుందని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. ఆ రోజు ఏం చేయాలో ఇప్పటికీ సరిగ్గా తేలలేదు. ఎదురింటి ఆవిణ్ణి కూడా మాతో తీసుకురాలేం కదా.

పెళ్లికి మేం వెళ్లొచ్చాం. అత్తయ్య గారు ఏరని నలభై మంది అడిగుంటారు. "బొబ్బిలిలో పనుందిట" అన్నాను. అబద్ధం కాదు.

పోయిన నెల నా వంతు వచ్చింది. దిగేసరికి సాయంత్రం అయిదు. అరుగు మీద చాప పరిచి ఉంది. ఎదురింటావిడ, టీచరు గారు, ఖాళీ క్యాను ఒళ్లో పెట్టుకుని పాలమ్మి. నన్ను చూసి అత్తయ్య గారు లేవలేదు. కబురు ఆపనూ లేదు. కాస్త పక్కకి జరిగి, చాప మీద చోటిచ్చారు. వెళ్లి కూర్చున్నాను.